ఒక్క తీగముక్క కూడా కనపడకూడదు

స్కూలు యూనిఫారాలు కుట్టే షాపులో బట్ట కత్తిరించే ఆవిడని అందరూ స్కేలమ్మ అంటారు. ముందు అనరు, వెనక అంటారు. ఆవిడ దగ్గర ఒక స్టీలు స్కేలుంది. దాన్ని ఇంకొకరు ముట్టుకోవడానికి వీల్లేదు. కుట్టుమిషన్ల దగ్గర కూర్చునే అమ్మాయిలు ఎవరైనా "ఒక్క నిమిషం ఇవ్వరా అక్కా" అంటే, "నీ పళ్ళు తోముకునే బ్రష్షు నాకిస్తావా" అని అడుగుతుంది. గోడమీద కాలెండరు ఒక పక్కకి ఒరిగి ఉంటే ఆవిడ కూర్చున్న చోట కూర్చోలేదు. లేచి వెళ్ళి సర్ది వస్తే గానీ ప్రాణం కుదుటపడదు. అలాంటి మనిషికి దొరికిన మొగుడి గురించి చెబితే, అయ్యో పాపం అని మీరే అంటారు.

ఆయన కూల్‌డ్రింకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. బెల్టు పక్కన స్టూలేసుకుని కూర్చుని, వరసగా పోయే సీసాల్లో పగిలినవీ సగమే నిండినవీ ఏరి పక్కన పెట్టడం ఆయన పని. మిషన్ని మాత్రం ముట్టుకోకూడదు. అది ఆగిపోయినా, దానికి వచ్చిన రోగమేమిటో కళ్ళకి కనిపిస్తున్నా, మెకానిక్కు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. రిటైరయ్యేదాకా అదే ఉద్యోగం. పగలంతా కట్టుకున్న చేతులు ఇంటికొచ్చాక ఊరుకుంటాయా? ఊరుకోలేదు. పట్టకారొకటి, తీగచుట్టొకటి పట్టుకుని ఇంటిమీద పడ్డాయి. వీధిలో వాళ్ళు "ఇంజనీరుగారూ" అని పిలిచేవాళ్ళు. అది వెటకారమని ఆయనకి ఏనాడూ తట్టలేదు. పైపెచ్చు కాలరు సర్దుకునేవాడు.

ఆయన ఘనకార్యాలు ఒకటా రెండా. పాలు పొంగకుండా గంట కొట్టే ఏర్పాటొకటి చేశాడు. గంట కొట్టేది, కాదనడానికి లేదు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయాక కొట్టేది. బట్టలారేసే చోట, వాన పడితే దానంతటదే తెరుచుకునే గొడుగు పెట్టాడు. అది ఏ వానకీ తెరుచుకోలేదు. ఎండ ఫెళ్ళుమని కాస్తున్న రోజున పోస్టుమాన్ మొహం మీద తెరుచుకుంది. ఆ తర్వాత ఆ పోస్టుమాన్ ఉత్తరాలు కింద మెట్టు మీదే పెట్టేసి పోయేవాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

వీధి తలుపుకి గడియ పైనెక్కడో ఉండేది. దానికి రెండు తాళ్ళు వేలాడదీశాడు. తెల్లతాడు లాగితే గడియ తెరుచుకుంటుంది, ఎర్రతాడు లాగితే పడుతుంది. వచ్చిన చుట్టం ప్రతివాడూ వెళ్ళేటప్పుడు ఎర్రతాడే లాగేవాడు. లైటు స్విచ్చికి దారం రీలు వేలాడేది. వంటింటి కిటికీ తీయడానికి కర్ర చివర వంచిన గరిట ఉండేది. వీటన్నిటికీ మించింది పొయ్యి పైన ఉన్న అర. దానికి ఇసక నింపిన సీసా ఒకటి కట్టాడు. సీసాని పట్టుకుని పైకి తోస్తే అర కిందికి దిగుతుంది, అర పైకి వెళితే సీసా కిందికి దిగుతుంది. దిగేటప్పుడు ఎవరి తల కింద ఉంటే వాళ్ళ తల మీద దిగుతుంది.

ఒకరోజు యూనిఫారం షాపు ఓనరు మేడమ్ టీకి వచ్చింది. స్కేలమ్మ ముందు రోజంతా ఇల్లు కడిగి, సర్ది, తీగలున్న చోటల్లా గుడ్డలు కప్పింది. మేడమ్ వంటింట్లోకి వచ్చి మాట్లాడుతూ నిలబడింది. స్కేలమ్మ టీపొడి డబ్బా తీసుకుని అర వదిలేసింది. సీసా దిగింది. మేడమ్‌కి దెబ్బేమీ తగల్లేదు గానీ, ఆవిడ నవ్వడం మొదలుపెట్టి టీ తాగినంతసేపూ నవ్వుతూనే ఉంది. మర్నాటికి షాపంతా తెలిసిపోయింది. మిషన్ల దగ్గర అమ్మాయిలు తలమీద చెయ్యి పెట్టుకుని ఆవిడ పక్కనుంచి నడిచారు.

ఆ సాయంత్రం స్కేలమ్మ ఇంటికొచ్చి సంచి కుర్చీ మీద పడేసింది.

"తీగ చుట్టని వస్తువు ఈ ఇంట్లో ఒక్కటి చూపించండి" అంది.

ఆయన చుట్టూ చూశాడు. నిజంగానే ఆలోచించాడు. చివరికి, "నువ్వే" అన్నాడు.

ఇలాంటి మనిషితో ఏం పోట్లాడతారు? చెవినిల్లు కట్టుకుని పోరినా, ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేసే రకం. తిడితే నవ్వుతాడు. ఏడిస్తే, కళ్ళు తుడుచుకోవడానికి ఇంకేదో తయారుచేస్తాడని భయం. తల ప్రాణం తోకకొచ్చి, నా ఖర్మ ఇంతే అనుకుని ఆవిడ ఏళ్ళు వెళ్ళదీసింది. ఎప్పటికైనా అందరిలాంటి ఇల్లొకటి దొరక్కపోతుందా, అందులో స్విచ్చు స్విచ్చులా, గడియ గడియలా ఉండకపోతుందా అన్నదొక్కటే ఆవిడ ఆశ.

ఆ ఆశ ఎలా తీరిందంటే, ఆ పాత ఇల్లు పడగొడుతున్నామని ఇంటి ఓనరు కబురుచేశాడు. బ్యాంకులో పనిచేసే కూతురు, కొత్తగా కట్టిన బిల్డింగొకదాన్లో ఒక ఇల్లు అద్దెకి చూసింది. లిఫ్టుంది. గోడలు తెల్లగా, మూలలు మూలల్లా ఉన్నాయి. స్కేలమ్మ గది గదికీ తిరిగి, గుమ్మాల అంచుల మీద వేలు పెట్టి జరుపుతూ చూసింది. ఎక్కడా వంకర లేదు. ఆవిడ మొహం చూసి కూతురు, "అమ్మా, ఏడుస్తున్నావా" అని అడిగింది.

"ఏడవడం లేదు. మీ నాన్నని పిలువు" అంది.

ఆయన వచ్చాడు. ఆవిడ హాలు మధ్యలో నిలబడి తీర్పు చెప్పింది.

"ఈ ఇంట్లో ఒక్క తీగముక్క కూడా కనపడకూడదు. తాడు లేదు, సీసా లేదు, దారం రీలు లేదు. గోడకి మేకు కొడితే ఇంటివాళ్ళు ఊరుకోరు, అది వేరే సంగతి. వాళ్ళు ఊరుకున్నా నేను ఊరుకోను. మాటివ్వండి."

"సరే" అన్నాడాయన.

"సరే అంటే?"

"సరే అంటే సరే."

ఇల్లు మారే రోజున పాతసామాన్లవాడికి గోనెసంచి నిండా ఆయన సృష్టి అంతా వెళ్ళిపోయింది. తాళ్ళు, గరిట కర్ర, గొడుగు, గంట. చివర్న ఆయన తన పట్టకారు కూడా తెచ్చి ఆ సంచిలోనే పడేశాడు. మాటిచ్చాక అదెందుకు అనుకున్నాడు కాబోలు. స్కేలమ్మ చూసింది. పాతసామాన్లవాడు బండి సర్దుకుంటున్నప్పుడు సంచిలో చెయ్యి పెట్టి ఆ పట్టకారు తీసి, తన కత్తెర పెట్టెలో వేసుకుంది. మంచి ఇనుము, తుప్పు పట్టలేదు, పారేయడానికి మనసొప్పలేదు. అంతకంటే ఇంకేమీ లేదని తనకి తనే చెప్పుకుంది.

కొత్త ఇంట్లో మొదటి రోజులు స్వర్గమే. ఆవిడ పొద్దున్నే లేచి గోడల్ని చూసుకుని మురిసిపోయింది. గోడకి ముందే ఉన్న మేకుకి ఆయనచేత కాలెండరు తగిలించి, దూరంగా నిలబడి చూసి, నిటారుగా ఉందని కూర్చుంది. తర్వాత ఒకరోజు పై అరలో డబ్బా అందుకోబోతే కుడిభుజంలో కత్తి దిగినట్టైంది. డబ్బా జారి కిందపడింది. సరే, కంగారులో చెయ్యి పట్టేసిందనుకుంది. మర్నాడు తలుపు గడియ తీయబోతే అదే నొప్పి. ఆ తలుపుకి లోపల ఉన్న గడియ ఒక్కటే, అదీ నెత్తిమీద. స్నానాలగదిలో స్విచ్చు తీసుకెళ్ళి ఎక్కడో పైన పెట్టారు. కిటికీ గొళ్ళెం ఇంకా పైన. ఆ ఇల్లు కట్టినవాళ్ళెవరో తాటిచెట్టంత మనుషులై ఉండాలి. స్టూలు తెచ్చుకుని ఎక్కింది. ఎక్కినా కుడిచెయ్యి లేవాలి కదా, లేవలేదు. ఎడమచేతికి ఏ పనీ పట్టుబడదు. ఆయన్ని పిలిస్తే వచ్చి తీసిపెట్టేవాడు. కానీ ఉప్పుకీ పిలవాలి, లైటుకీ పిలవాలి, చెత్తబుట్ట బయట పెట్టడానికీ పిలవాలి. ఇంతకాలం తన పని తను చేసుకున్న మనిషికి అది తల కొట్టేసినట్టుండదూ?

ఇక ఆయన సంగతి. పిలిస్తే వచ్చేవాడన్నాను కదా, అంతే, పిలిస్తేనే వచ్చేవాడు. మిగతా సమయమంతా బాల్కనీలో కుర్చీ వేసుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుని కింద పోయే కార్లని చూసేవాడు. ఉలకడు, పలకడు, బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటాడు. తిడితే నవ్వే మనిషి, ఇప్పుడు తిట్టడానికి కూడా పనికిరాకుండా పోయాడు. ఒకసారి ఆవిడ వెనకనుంచి చూస్తూ ఉంటే ఆయన వేలు కార్ల వెంట కదులుతోంది. ఒక కారు పోగానే వేలు కొద్దిగా లేస్తుంది, ఇంకో కారుకి లేవదు. పగిలిన సీసాలు ఏరుతున్నాడని ఆవిడకి అర్థమైంది. ఆ వెంటనే కోపం వచ్చింది.

"మాటిమ్మంటే మరీ ఇలా మూగనోము పట్టమన్నానా" అంది.

"నేనేం చేశాను" అన్నాడాయన.

"ఏమీ చేయడం లేదనే నా ఏడుపు."

కూతురు బలవంతం మీద స్కేలమ్మ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఈ నెలలోనే వచ్చిన నొప్పి అని చెప్పింది. డాక్టరమ్మ చెయ్యి పైకెత్తమంది. భుజం దాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది.

"ఇంకా ఎత్తండి."

"ఇంతే."

డాక్టరమ్మ భుజాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, "ఇది ఈ నెలలో వచ్చింది కాదమ్మా. ఈ కీలు ఏళ్ళ కిందటే బిగుసుకుపోయింది. బరువైన కత్తెర పట్టే పనంటున్నారు కదా, దానివల్లే. ఇన్నేళ్ళూ ఇంట్లో పైనున్న వస్తువులు ఎవరు తీసిపెట్టేవాళ్ళు?" అని అడిగింది.

"ఎవరూ లేరు. నేనే తీసుకునేదాన్ని."

"ఈ చేత్తోనా? ఎలా తీసుకునేవాళ్ళు?"

స్కేలమ్మ చెప్పడానికి నోరు తెరిచింది. చెయ్యి తనంతట తనే గాలిలో ఒక సీసాని పైకి తోసింది.

"అర కిందికి వచ్చేది" అంది చివరికి.

"అర రావడమేమిటి?"

"పైనుంచి. సీసా ఉండేది."

డాక్టరమ్మకి ఏం అర్థమైందో, మందులు రాసి వ్యాయామం చెప్పి పంపించింది. స్కేలమ్మ ఇంటికి నడిచింది. దారిపొడుగునా పాత ఇంట్లో గడియ, స్విచ్చు, కిటికీ కర్ర, అర ఒక్కొక్కటే గుర్తుచేసుకుంది. గంట, గొడుగు దండగమారివే, అందులో రెండో మాట లేదు. ఇంకా అలాంటివి బోలెడున్నాయి. కానీ తను రోజూ చెయ్యి పెట్టే చోటల్లా ఏదో ఒకటి భుజానికి కిందుగా వేలాడుతూ ఉండేది. షాపులో బల్ల నడుమెత్తు. ఇంట్లో అంతా చేతికందే ఎత్తు. ఇక చెయ్యి పైకి లేవడం లేదని తనకెలా తెలుస్తుంది? ఇంకొకరైతే ఆ సమయానికి కళ్ళనీళ్ళు పెట్టుకుందురు. స్కేలమ్మకి ఒళ్ళు మండిపోయింది.

ఇంటికి వెళ్ళగానే బాల్కనీలోకి వచ్చి, చెప్పులైనా విప్పకుండా నిలబడింది.

"నా భుజం సంగతి మీకు తెలుసా?"

ఆయన తల తిప్పాడు. "ఏం సంగతి?"

"చెయ్యి లేవదని."

"ఏమో. పైనుంచి ఏదైనా తీసినప్పుడల్లా మొహం చిట్లించేదానివి. ఆ మొహం చూడలేకపోయేవాణ్ణి."

"మరి నాకు చెప్పొచ్చుగా."

"చెబితే నొప్పి లేదనేదానివి."

అదీ నిజమే. అంటుంది. అందుకే ఇంకా మండింది. కొన్నేళ్ళపాటు ఒక మనిషి తన చేతిని చూసి ఇల్లంతా కిందికి దించితే, తను ఆ ఇంట్లోనే నిలబడి ఆయన్ని తిట్టింది, తీగల మీద గుడ్డలు కప్పింది. చెప్పకుండా చేసినవాడిది తప్పా, చూసి కూడా చూడనివాళ్ళది తప్పా, ఎవర్ని తిట్టాలో తెలియక ఆవిడ వంటింట్లోకి వెళ్ళి ఒక గిన్నెని రెండుసార్లు తోమింది. తిరిగి వచ్చి, "మీరిచ్చిన మాట మీకు తిరిగి ఇచ్చేస్తున్నాను. ఏం కట్టుకుంటారో కట్టుకోండి" అంది.

ఆయన లేచాడు. తలుపు దగ్గరికి వెళ్ళి గడియని చూశాడు. వంటింట్లో అరని చూశాడు. చాలాసేపు చూశాడు. వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

"ఏమైంది?" అంది ఆవిడ.

"ఏమీ తోచడం లేదు."

"తోచకపోవడమేమిటి? ఇన్నాళ్ళు వద్దు మొర్రో అంటే తోచింది."

"ఏమోనే. చూస్తే గడియ గడియలాగే ఉంది, అర అరలాగే ఉంది. ఇదివరకు అలా ఉండేది కాదు" అన్నాడు. గొంతులో కోపం లేదు, పంతం లేదు. చేతులు తిప్పి అరచేతులు చూసుకున్నాడు. పంతమైతే ఆవిడ దించగలదు, ఎన్నిసార్లు దించలేదు? ఇది పంతం కాదు. ఈ మనిషి ఇలాగే కార్లు ఏరుకుంటూ మిగిలిపోతాడేమోనని ఆవిడకి మొదటిసారి భయం వేసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదేనని తిట్టుకుంటూ మర్నాడు ఆవిడ షాపునుంచి ఒక ఖాళీ దారం రీలూ రెండు గుడ్డపీలికలూ తెచ్చింది, ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. దారిలో కాస్త తీగ కొంది. ఆయన కునుకు తీస్తున్న సమయం చూసి, స్టూలెక్కి, ఎడమచేత్తో పని మొదలుపెట్టింది. తలుపు పైన గాలికోసం ఉన్న ఊచలకి తీగతో దారం రీలు కట్టింది. ఎర్రపీలిక దానిమీదుగా వేసింది, తెల్లది తిన్నగా కిందికి వదిలింది. రెండిటి కొసలూ కలిపి గడియ బొడిపెకి తీగ చుట్టింది, ఒక చుట్టు చాలదేమోనని చాలా చుట్లు చుట్టింది. జీవితంలో వంకర గీత గియ్యని మనిషి చేసిన పని, చూడటానికి పిచ్చుకగూడులా తయారైంది. పీలికలు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. రీలు ఒక పక్కకి ఒరిగింది. ఆవిడకి పళ్ళు జివ్వుమన్నాయి. అయినా సర్దలేదు, కావాలనే అలాగే వదిలేసింది. ఇలాంటిది కళ్ళబడితే ఆయన చెయ్యి ఊరుకోదని ఆవిడ లెక్క.

ఆయన లేచాడు. మంచినీళ్ళ కోసం హాల్లోకి వచ్చాడు. తలుపు వైపు చూశాడు. ఆవిడ వంటింటి గుమ్మంలోంచి చూస్తోంది. ఆయన నీళ్ళు తాగి, గ్లాసు పెట్టి, బాల్కనీలోకి వెళ్ళి కూర్చున్నాడు. ఆవిడకి ఆ గ్లాసు తీసి ఆయన నెత్తిన కొట్టాలనిపించింది.

అంతలో కాలింగ్‌బెల్ మోగింది. కూతురు. స్కేలమ్మ విసురుగా వెళ్ళి తెల్లపీలిక లాగింది. గడియ కదల్లేదు. ఇంకా గట్టిగా లాగింది. పీలిక ఊడి చేతికొచ్చింది. బొడిపెకి చుట్టిన తీగ వెళ్ళి గడియకీ పట్టీకీ మధ్య ఇరుక్కుంది.

"అమ్మా, తలుపు తీయి" అంటోంది కూతురు బయటినుంచి.

"ఉండవే. ఏమండీ, ఒకసారి ఇలా రండి."

ఆయన వచ్చి చేత్తో గడియని కిందికి లాగాడు. రాలేదు. కొంచెం వంగి, మెడ పక్కకి తిప్పి, కింది నుంచి పైకి చూశాడు. కనుబొమలు దగ్గరికొచ్చాయి. ఆ చూపు ఆవిడ చాలా రోజులుగా చూడలేదు.

"ఈ తీగ ఎవరు చుట్టారు?"

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"బొడిపెకి ఎవరైనా చుడతారా? మెడకి కదా చుట్టాల్సింది. అయినా ఇన్ని చుట్లేమిటి, పశువుని కట్టేస్తున్నావా? రీలు చూడు, ఇలా ఒరిగితే పీలిక జారిపోదూ?"

"ఇన్నేళ్ళు నా కళ్ళముందే చేశారు. ఒక్కసారైనా నేర్పారా?"

"నువ్వు చూస్తేగా" అన్నాడాయన. సూటిగా అనలేదు, గడియతో అన్నట్టుగా అన్నాడు. ఆవిడకి ఆ మాట తగలాల్సిన చోట తగిలింది.

"పట్టకారుంటే క్షణంలో పని. పారేశాం కదా" అన్నాడు.

ఆవిడ లోపలికి వెళ్ళి కత్తెర పెట్టె తెరిచి పట్టకారు తెచ్చి ఇచ్చింది. ఆయన దాన్ని చూశాడు, ఆవిడని చూశాడు. ఎక్కడిదని అడగలేదు. ఒకసారి తెరిచి మూసి, బిగువు చూసుకుని, స్టూలెక్కి పనిలో పడ్డాడు. పనిచేస్తున్నంతసేపూ సణుగుతూనే ఉన్నాడు. చుట్టిన చేతిని తిట్టాడు, పీలిక నేసినవాణ్ణి తిట్టాడు, గడియ అంత పైన పెట్టినవాణ్ణి మరీ మరీ తిట్టాడు. స్కేలమ్మ స్టూలు కదలకుండా పట్టుకుని ఒక్కటీ పోకుండా వింది.

తీగ తెగింది. తలుపు తెరుచుకుంది. కూతురు లోపలికి అడుగుపెట్టి, పైన వేలాడుతున్న రీలునీ తండ్రి చేతిలో పట్టకారునీ చూసి నెత్తి కొట్టుకుంది.

"మళ్ళీ మొదలెట్టావా నాన్నా? అమ్మకి మాటిచ్చావు కదా."

ఆయన తప్పుచేసినవాడిలా పట్టకారు వెనక్కి దాచుకోబోయాడు.

"ఆయన కాదు, నేను" అంది స్కేలమ్మ.

కూతురు తల్లి మొహంలోకి చూస్తూ నిలబడిపోయింది. ఆయన అప్పటికే వంటింట్లో ఉన్నాడు. పై అర కింద నిలబడి, మెడ ఎత్తి, తనలో తను ఏదో అనుకుంటున్నాడు.

"ఇదిగో, గోడకి మేకు కొట్టకూడదన్నారు కదా? అక్కర్లేదు. అర లోతెంతుందో తెలియాలి. కొలవడానికి ఏదైనా ఉందా?" అని అక్కడినుంచే అడిగాడు.

స్కేలమ్మ సంచిలోంచి స్టీలు స్కేలు తీసింది. వెళ్ళి ఆయన చేతిలో పెట్టింది.

"వంకరగా కొలిచారంటే ఊరుకోను" అంది.